నూనె డబ్బా, నీళ్ళ క్యాన్, హవాయి చెప్పు: పాతికమంది కలిసి వాయించడం ఎలా

ఒడిశా అంచున ఉన్న పర్లాకిమిడిలో నాకు పైపులు, కరెంటు సామాన్ల కొట్టు ఉంది. చిన్నప్పుడు ఆరేళ్ళు మృదంగం నేర్చుకుని వదిలేశాను. ఈ రెండు అర్హతలతోనే నాలుగేళ్ళ కిందట మా వీధివాళ్ళని పోగేసి ఆదివారం సాయంత్రాలు కలిసి వాయించడం మొదలుపెట్టాను. ఊళ్ళో దాన్ని 'ఆదివారం మోత' అంటారు. దీనికి డ్రమ్ సర్కిల్ అని ఒక పేరుందని మా అబ్బాయి తర్వాత చెప్పాడు.

మొదటి ఆదివారం సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే మీరూ ఆ తప్పే చేసే అవకాశం ఉంది. పంతొమ్మిదిమంది వచ్చారు. అందరి చేతికీ ఏదో ఒకటిచ్చి "ఇక కానివ్వండి" అన్నాను. రెండు నిమిషాలు సంతలా ఉంది. మూడో నిమిషంలో నాకు ఉండబట్టక మృదంగం మీద ఒక తీర్మానం, అంటే మూడుసార్లు తిప్పి కొట్టి ముగించే వరస, వేశాను. అందరూ ఆపేసి నావైపు చూశారు. ఆ ఆనందంలో ఇంకోటి వేశాను. ఇంటికొచ్చాక మా ఆవిడ అంది: "మీరు కొట్టింది అందరం విన్నాం. మేం కొట్టింది ఎవరు విన్నారండీ?" పై ఆదివారం ఏడుగురే వచ్చారు.

అప్పట్నుంచి మృదంగం ఇంట్లోనే ఉంటుంది. ఇక్కడ రాసేదంతా ఆ ఏడుగురితో మళ్ళీ మొదట్నుంచి నేర్చుకున్నది.

ఇదేం కొత్త, మనకి కోలాటం లేదా, చెక్కభజన లేదా అంటారు. ఉన్నాయి. మాకు పొలిమేర దాటితే శ్రీకాకుళం జిల్లా, అక్కడ తప్పెటగుళ్ళ దళం ఛాతీ మీద తప్పెట వాయిస్తూ గుండ్రంగా తిరుగుతుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. కానీ వాళ్ళు ఏళ్ళ తరబడి సాధన చేసిన జట్టు. డ్రమ్ సర్కిల్ ఏమీ రానివాళ్ళ కోసం. మధ్యలో ఒక మనిషి నిలబడి, పాఠాలేమీ చెప్పకుండా, చేతి సైగలతో అందర్నీ నడిపే ఈ పద్ధతికి అమెరికాలో ప్రచారం తెచ్చినవాళ్ళలో కాలిఫోర్నియా శాంటా క్రూజ్‌కి చెందిన ఆర్థర్ హల్ ముఖ్యుడు. 1991లో మికీ హార్ట్ అనే డ్రమ్మర్ అమెరికా సెనేట్‌లో వృద్ధుల సంగతులు చూసే కమిటీ ముందుకెళ్ళి, పెద్దవయసు వాళ్ళకి ఇలా కలిసి వాయించడం ఎంత మేలో చెప్పి వచ్చాడు. వాళ్ళు ఎక్కువగా వాడేది జెంబే, పశ్చిమాఫ్రికా డోలు. మన దగ్గర జెంబే కోసం వెతుక్కోనక్కర్లేదు.

చోటు గురించి ఎక్కువ ఆలోచించకండి, ఒక్క సంగతి తప్ప: సిమెంటు హాలు వద్దు. నాలుగు గోడల మధ్య ప్రతి దెబ్బా రెండుసార్లు వినిపించి, ఎవరి దెబ్బ ఎవరిదో తెలియకుండా పోతుంది. మేము మూతపడ్డ ఒక రైసు మిల్లు కళ్ళం మీద, మామిడిచెట్టు కింద కూర్చుంటాం. మహేంద్రతనయ ఏటి ఇసుకలో కూడా ఒకసారి చేశాం కానీ అక్కడ మోత గాలికి పోయి ఎదురు వరస వాళ్ళది వినబడలేదు. చేతులున్న కుర్చీలు పనికిరావు, మోచేతులు తగులుతాయి. స్టూళ్ళు, తిరగేసిన బకెట్లు చాలు. పన్నెండుమంది దాటితే రెండు వరసలు వేసి, మధ్యలోకి మనిషి నడిచివెళ్ళేలా ఒకపక్క సందు వదలండి.

ఇక వాయిద్యాలు. ఇక్కడే నా కొట్టు పనికొచ్చింది.

ముందు బరువు కావాలి, అంటే కడుపులో తగిలే మోత. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ తిరగేసి మోకాళ్ళ మధ్య పట్టుకుని అడుగున అరచేత్తో కొట్టండి. క్యాన్ మూతిని నేలకి ఆనించకండి, గాలి బయటికి రాక మోత చచ్చిపోతుంది. ఇరవైమంది ఉంటే ఇలాంటివి నాలుగు సరిపోతాయి. మధ్యరకానికి ఢోలకులు, డప్పులు, కంజీర, పదిహేను కిలోల నూనె డబ్బాలు. డబ్బా అంచు చెయ్యి కోసేస్తుంది, పాత నీళ్ళ గొట్టాన్ని నిలువునా చీల్చి అంచుకి తొడగండి. కొట్టడానికి జానెడున్నర వెదురు పుల్ల, దాని కొసకి సైకిల్ ట్యూబు ముక్క నాలుగు చుట్లు. ఈ మధ్యరకం ఎంతమంది చేతిలో ఉన్నా పర్లేదు. సన్నరకానికి చిడతలు, గజ్జెలు, చిన్న నీళ్ళ సీసాలో పావు వంతు పెసలు పోసి చేసిన గిలకలు. తాళాలు మాత్రం ఒక్క జతకి మించి వద్దు. తాళం గట్టిగా మోగితే ఇరవైమంది దానికిందే పడిపోతారు. భజన మందిరం నుంచి అయిదు జతలు తెచ్చిన వారం నాకు రాత్రి పడుకున్నా చెవుల్లో గణగణ ఆగలేదు.

స్వరం కావాలంటే పైపులు కోయండి. 40 ఎంఎం పీవీసీ పైపు, హ్యాక్సా బ్లేడు, టేపు, ఇంతే ఖర్చు. రెండు కొసలూ తెరిచి ఉన్న గొట్టంలో శ్రుతి పొడవుని బట్టి ఉంటుంది. పొడవు సగమైతే పై స్థాయి పలుకుతుంది. మోహన రాగానికి షడ్జం, అంటే స, 60 సెంటీమీటర్లు అనుకుంటే రి 53, గ 48, ప 40, ద 36, పై స 30. ఇవి లెక్క ప్రకారం. కానీ గొట్టం మూతి దాటి కాస్త దూరం గాలి కూడా కదులుతుంది కాబట్టి ఇలా కోసిన పొట్టి గొట్టాలు ఒక పిసరు తగ్గి పలుకుతాయి. అందుకని 60ది అలాగే ఉంచి మిగతావి దానికి సరిచూసుకుంటూ అరగదీయండి. గ కొంచెం తీస్తే చాలు, పై స మాత్రం దాదాపు సెంటీమీటరు తియ్యాలి. ఎక్కువ కోసేస్తే అతికించలేరు, ముందు పొడుగ్గానే కోయండి. తొడ మీద కొట్టినా మోగుతుంది, మూతి మీద హవాయి చెప్పుతో చరిస్తే ఇంకా బాగా మోగుతుంది. చెప్పు తగిలిన వెంటనే తీసెయ్యాలి, అక్కడే ఉంచితే శ్రుతి దిగిపోతుంది. మోహనే ఎందుకంటే అందులో ఏ రెండు స్వరాలు ఒకేసారి మోగినా కరవవు. రాగం తెలియని పిల్లవాడి చేతికి ఏ గొట్టం ఇచ్చినా తప్పు పలకదు. పెద్దవాళ్ళు చెప్పు పట్టుకోడానికి మొదట మొహమాటపడతారు. రెండు చెప్పులు కొత్తవి కొని, కాలికి ఎప్పుడూ వేసుకోలేదని చూపించండి, అయిపోతుంది.

తోలు వాయిద్యం తెచ్చుకుంటే దాని మర్యాద తెలియాలి. వానాకాలం తేమకి తోలు సాగి బొద్దుగా పలుకుతుంది, సెగ చూపిస్తే బిగుస్తుంది. పాతపట్నం దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన దగ్గర డప్పు అడిగి తెచ్చాను. ముసురు పట్టిన రోజు. తొందరలో గ్యాస్ పొయ్యి మీద పెట్టాను. నిమిషం కూడా కాలేదు, 'టప్' మంది. అంచు దగ్గర మూడు వేళ్ళ వెడల్పు చీలిక. తీసుకెళ్ళి చూపిస్తే ఆయన కోప్పడలేదు. చీలిక మీద వేలు పెట్టి అటూ ఇటూ రాసి, "కాల్సకూడదు బాబూ, కాపాల. సంటిపిల్లకి సాంబ్రాణి పొగ ఏసినట్టు ఏసుకోవాల" అన్నాడు. కొత్త తోలుకి డబ్బులిచ్చాను. ఆ తర్వాత ఆయనే కాచడం చూపించాడు: గడ్డి మంట వేసి అది కాస్త తగ్గాక, మూరెడు దూరంలో డప్పుని ఒక్కచోట ఆపకుండా తిప్పుతూ ఉండాలి. నాలుగు తిప్పులకోసారి వేలితో కొట్టి వినాలి. మోత పొడిగా, సన్నగా మారిందంటే చాలు, ఇంకా బిగిద్దామన్న ఆశ పెట్టుకోకూడదు. తోలు వెనక చెయ్యి పెడితే చెయ్యి ఓర్చుకోగల వేడే తోలూ ఓర్చుకుంటుంది. మంట పెట్టే వీలు లేని చోట నేను పాతకాలపు వంద వాట్ల బల్బు వాడతాను, పావుగంట పడుతుంది. ప్లాస్టిక్ తోలున్న డ్రమ్ములకి ఇదేదీ చెయ్యకండి.

ఈ పెద్దాయన మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పెళ్ళికీ చావుకీ డప్పు కొట్టించుకుని, ఆ కొట్టినవాళ్ళని వాకిలి బయటే నిలబెట్టి అన్నం పెట్టిన ఊళ్ళు మనవి. ఇప్పుడు మనం సరదాకి అదే డప్పు పట్టుకుని ఆదివారం గడుపుతున్నాం. డప్పు తెలిసినవాళ్ళని పిలిస్తే గురువుగా పిలవండి, మధ్యలో కుర్చీ వేయండి, సంగీతం మేష్టారికి ఇచ్చినట్టే డబ్బులివ్వండి. "మీకు అలవాటే కదా, వచ్చి కొట్టండి" అని పిలవకండి. మా జట్టులో ఇద్దరు డప్పు ముట్టుకోవడానికి వెనకాడారు. ఒకాయన మూడు నెలలకి ముట్టుకున్నాడు. ఇంకొకాయన రావడం మానేశాడు, నేను వెళ్ళి బతిమాలలేదు.

సరే, మనుషులు కూర్చున్నారు, చేతిలో వాయిద్యం ఉంది. కొట్టనివ్వకండి. ముందు ఆపడం నేర్పాలి.

నేను రెండు చేతులూ ఎత్తి ఎదురుగా అడ్డంగా కోసినట్టు చేస్తే ఆగిపోవాలి. అంతే ఆట. "మోగించండి" అంటే ఇష్టం వచ్చినట్టు మోగిస్తారు, చెయ్యి కోస్తే నిశ్శబ్దం. అయిదారుసార్లు ఇలా చేయిస్తే నవ్వుతారు, పోటీ పడతారు, ఎవరో ఒకరు ఆగలేక ఒక్కరే 'ఠంగ్' మని మోగించి సిగ్గుపడతారు. ఇందులో ఎవరికీ తెలియకుండానే జరిగే పని ఏమిటంటే, చూపులు చేతుల మీంచి లేచి నా వైపుకి, పక్కవాళ్ళ వైపుకి వస్తాయి. వాయించేటప్పుడు తలెత్తి చూడటం వచ్చినవాళ్ళకి మిగతాదంతా వారంలో వచ్చేస్తుంది. ఇంకో మూడు సైగలు చాలు: అరచేతులు పైకి లేపితే పెంచడం, కిందికి అదిమితే తగ్గించడం, రెండు చేతులూ చాచి గుండ్రంలో ఒక ముక్కని చూపిస్తే ఆ చేతుల మధ్య ఉన్నవాళ్ళే మోగించడం.

సైగలే ఎందుకంటే మా ఊళ్ళో మాటలు చాలవు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది, ఈ ఊరి రాజావారు కృష్ణచంద్ర గజపతి దానికోసం పాటుపడ్డవారే. అప్పట్నుంచి మాకు బోర్డులు ఒక భాషలో, బేరాలు ఇంకో భాషలో. చుట్టూ కొండల మీద సవరలనే గిరిజనులు. సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం రాసిన గిడుగు రామమూర్తి పంతులు గారు మేష్టారుగా పనిచేసిన ఊరు ఇదే. అంత ఓపిక నాకు లేదు కనుక చేతులు ఊపుతాను. మా వరసలో ఒక ఒడియా రిటైర్డు మేష్టారు, సంతకి కూరగాయలు తెచ్చే సవర అక్కచెల్లెళ్ళిద్దరు ఉన్నారు. మేష్టారు లెక్క "ఏక, దుయి, తిని, చారి" అని పెడతాడు, మేం "ఒకటి, రెండు" అంటాం, దెబ్బ మాత్రం ఒకేచోట పడుతుంది.

తర్వాత నోరు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అందరూ "తకధిమి తకధిమి" అనాలి. కూర్చున్నచోటే కాళ్ళతో అడుగులు వేయాలి: 'తక' కి ఒక అడుగు, 'ధిమి' కి ఇంకొకటి. గోడ గడియారం సెకను ముల్లు రెండుసార్లు కదిలేలోపు మూడు అడుగులు పడితే నిమిషానికి తొంభై. మొదట్లో ఇంతకంటే వేగం వద్దు. నోట్లో నిలవనిది చేతిలో నిలవదని మా గురువుగారు తొడ మీద చరిచి మరీ చెప్పేవారు. అప్పట్లో ఆయన చాదస్తం అనుకునేవాణ్ణి.

ఇప్పుడు ఒక్కొక్క వరసే ఎక్కించండి. తకధిమి తకధిమి, మొత్తం ఎనిమిది అక్షరాలు. నీళ్ళ క్యాన్లు రెండు 'త'ల మీద మాత్రమే, అంటే ఒకటి, అయిదు. ఇది రెండు నిమిషాలు ఒంటరిగా నడవనివ్వండి. విసుగొస్తుంది, రానివ్వండి. అది స్థిరపడ్డాక డబ్బాలు, ఢోలకులు 'ధి'ల మీద, అంటే మూడు, ఏడు. ఇప్పుడే తలలు ఊగడం మొదలవుతుంది. తర్వాత గంట. ఎద్దు మెడలో కట్టే గంటో, స్టీలు పళ్ళెమో ఒకరికిచ్చి అదే ఎనిమిదిని వేరేగా విడగొట్టి పలకమనండి: తకిట, తకిట, తక. మూడు, మూడు, రెండు. మూడు ముక్కల్లోనూ మొదటి అక్షరం మీదే కొట్టాలి. అంటే ఒకటి, నాలుగు, ఏడు. ఈ ఒక్క గంట పడగానే అంతవరకు కవాతులా ఉన్నది నడుం ఊపుతుంది. ఒకటో అక్షరం మీద గంట క్యాన్‌తో కలుస్తుంది, ఏడు మీద డబ్బాలతో కలుస్తుంది, నాలుగు దగ్గర మాత్రం దానిది ఒంటరి దెబ్బ. ఆ నాలుగు దగ్గరే అందరూ జారతారు. గంట పట్టుకున్నవాళ్ళు తడబడితే వాయించడం ఆపి నోటితో అనుకుంటూ కాళ్ళతో అడుగేస్తే మళ్ళీ దారిలో పడతారు. మా దగ్గర గంట మా ఆవిడదే. ఎవరు తప్పినా ఆమె తప్పదు.

గిలకలు, పైపులు ఆఖర్న. వాళ్ళకి నియమం పెట్టకండి, ఒక్కటి తప్ప: పక్కవాళ్ళు మోగించినప్పుడు ఖాళీ వదలాలి.

అయిదు నిమిషాల్లో వేగం పెరిగిపోతుంది. ఖాయం. మొదట్లో నేను గట్టిగా కొట్టి వెనక్కి లాగబోయేవాణ్ణి, అది మంట మీద నూనె. మోతని తగ్గించండి. అరచేతులు అదిమి అందరినీ గుసగుస స్థాయికి తెస్తే, ఒకరిది ఒకరికి వినబడి లయ దానంతటదే సర్దుకుంటుంది. అప్పటికీ కాకపోతే క్యాన్లు తప్ప అందర్నీ ఆపేసి మళ్ళీ ఒక్కొక్క వరసే ఎక్కించాలి. వేగం మీద సరదా తీర్చుకోడానికి మా పిల్లలకి రైలాట ఉంది. నౌపడ నుంచి మా ఊరికి 1900లో వేసిన చిన్న గేజి రైలు నా చిన్నతనంలోనూ కూతలేస్తూ నడిచేది. స్టేషన్లో కదలడం, ఊరు దాటాక పరుగు, వంతెన మీద మోత మారడం, మళ్ళీ ఆగడం, అన్నీ డబ్బాల మీద పలికిస్తాం. పెంచమన్నప్పుడే పెంచి తగ్గించమన్నప్పుడు తగ్గించడం వాళ్ళకి ఇలా వచ్చింది. పాత రైలెక్కిన ముసలాళ్ళు మాత్రం "అంత వేగం ఎప్పుడెళ్ళిందిరా అది" అంటారు.

కుదురుకున్నాక ప్రశ్న, జవాబు ఆడించండి. ఒకరు ఎనిమిది అక్షరాల పాటు ఏదో ఒకటి కొడతారు, అందరూ అదే తిరిగి కొడతారు. వరసగా చుట్టూ తిరగాలి. ఇందులో సిగ్గరి మనుషుల్ని జాగ్రత్తగా చూసుకోవాలి. సవర అక్కచెల్లెళ్ళలో చిన్నామె మూడు వారాలు తన వంతు రాగానే తల ఊపి దాటేసేది. నాలుగోవారం ఒక్క దెబ్బ కొట్టి మిగతా ఏడక్షరాలు ఖాళీగా వదిలేసింది. పాతికమందిమీ ఒక్క దెబ్బ కొట్టి, ఏడక్షరాలు కదలకుండా కూర్చున్నాం. ఆ ఏడు అక్షరాల నిశ్శబ్దంలో ఎవరూ తొందరపడి మోగించలేదు. మా జట్టు కుదిరిందని నాకు ఆరోజే తెలిసింది. ఇక బాగా వచ్చినవాళ్ళతో వచ్చే ఇబ్బంది వేరు. తబలా నేర్చుకున్న కుర్రాడొకడు వచ్చి ప్రతి ఖాళీనీ నింపేస్తుంటాడు. తిట్టకండి, నీళ్ళ క్యాన్ ఇచ్చి ఒకటి, అయిదు మీద కూర్చోబెట్టండి. తాగి వచ్చినవాళ్ళకి మాత్రం టీ ఇచ్చి పంపెయ్యండి.

మొత్తం నలభై అయిదు నిమిషాలు, మధ్యలో అయిదు నిమిషాలు నీళ్ళకి. మొదలెట్టేముందు ఉంగరాలు, గట్టి గాజులు తీయించండి. చెవుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు: అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్కలో 85 డెసిబెల్స్ మోత రోజుకి ఎనిమిది గంటలు పర్లేదు, ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమైపోతుంది. అంటే 94 దగ్గర గంటే. తాళాల పక్కన కూర్చునేవాళ్ళకి, చిన్నపిల్లలకి మెడికల్ షాపులో దొరికే స్పాంజి ఇయర్ ప్లగ్గులు పెట్టించండి. దూది పెట్టుకుంటే పెద్ద ఉపయోగం లేదు. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట వాయిద్యాలు మోగించకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టుల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. ఇళ్ళ మధ్య పగటి హద్దు 55 డెసిబెల్స్, మా మోత ఆ లోపల ఉంటుందని దేవుడు కూడా సాక్ష్యం చెప్పడు. అందుకే ఇళ్ళకి దూరంగా మిల్లు కళ్ళం, అందుకే అయిదు నుంచి ఆరు లోపు, అందుకే కళ్ళానికి దగ్గరున్న మూడిళ్ళకి పండక్కి అరిసెలు. పరీక్షల నెలలో మానేస్తాం.

ముగించేటప్పుడు టక్కున ఆపకండి. ఎక్కిన వరసని తిరగేసి దించండి: పైపులు, గిలకలు ఆగాలి, తర్వాత గంట, తర్వాత డబ్బాలు. ఆఖరికి క్యాన్లు మాత్రమే, అవీ నెమ్మదిస్తూ. మిగిలినవాళ్ళు కాళ్ళతో అడుగు వేస్తూనే ఉంటారు. క్యాన్లు కూడా ఆగిపోయాక ఆ అడుగుల చప్పుడు కాసేపు ఉంటుంది, తర్వాత అదీ ఉండదు. ఎవరైనా దగ్గేదాకా నేను మాట్లాడను.

ఆ తర్వాత చిడతలు లెక్కపెట్టుకోండి, పిల్లల జేబుల్లోకి పోతాయి. క్యాన్లు తుడిచి సోమవారం పొద్దున్నే నీళ్ళ ప్లాంటుకి తిరిగి ఇచ్చెయ్యాలి, ఒక్కోదానికి డిపాజిట్ కట్టి తెచ్చాం కదా.